హీరోగారు కాస్త పక్కకి జరగాలి

గోదావరి జిల్లాల్లో బండి కొన్నవాడికి రెండు పుస్తకాలు దక్కుతాయి. ఒకటి వాయిదాల పుస్తకం. అది నెలనెలా చదవక తప్పదు. రెండోది కంపెనీవాళ్ళు బండితోపాటు ఇచ్చేది. దాన్ని ప్లాస్టిక్ కవరు చింపకుండా డ్యాష్‌బోర్డు అరలో పెట్టేస్తారు. బండి అమ్మేసే రోజున మాత్రం బయటికి తీసి, "చూడండి, పుస్తకం కూడా నలగలేదు, ఎంత పదిలంగా వాడామో!" అని కొనేవాడికి చూపిస్తారు.

చదవకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు, భక్తి కూడా. ఐనవిల్లి తీసుకెళ్ళి పూజ చేయిస్తే ఇక పుస్తకంతో పనేమిటని మనవాళ్ళ ధీమా. అక్కడి సిద్ధి వినాయకుడు దక్షిణ ముఖంగా కూర్చుని, పిల్లల పరీక్షల పెన్నుల దగ్గర్నుంచి పెద్దల కొత్త బండ్ల దాకా అన్నీ చూసుకుంటున్నాడు. బోనెట్ మీద పసుపుతో స్వస్తిక్, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు ఒక కొబ్బరికాయ. అక్కడితో సర్వీసింగు పూర్తయినట్టే.

మా బావమరిది హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆ మధ్య జీపు కొన్నాడు. దానికి పైన రేకు ఉండదు, మడిచేసుకునే గుడ్డ టాపు ఉంటుంది. "కన్వర్టిబుల్ బావగారూ!" అని గర్వంగా చూపించాడు. మా అత్తగారు చుట్టూ తిరిగి చూసి, "డబ్బులు చాలక పైకప్పు వేయించుకోలేదా నాన్నా? పోన్లే, సంక్రాంతికి వేయించుకుందువుగాని" అని ఓదార్చారు.

ఆవిడ అలా అనుకోవడంలో తప్పులేదు. మన దగ్గర గుడ్డ టాపు ఎన్నడూ విలాసం కాదు. 1947 నుంచి మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించి అమ్మడం మొదలుపెట్టాక, తహసీల్దారు గారొచ్చినా, ఎన్నికల పెట్టెలొచ్చినా ఆ గుడ్డ టాపు కిందే వచ్చేవి. ఎండకి వెలిసి, వానకి కారి, సర్కారు సొమ్మని దూరం నుంచే తెలిసేది. 1982లో ఎన్.టి.రామారావు గారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకుని ఊరూరా తిరిగారు. ఆయన కూడా టాపు తీయలేదు, టాపెక్కారు. టాపు తీసి తిరగడం ఫ్యాషన్ అయింది ఈమధ్యే. 2020లో మహీంద్రా వాళ్ళ కొత్త థార్ జీపు వచ్చాక కుర్రకారుకి ఆ గాలి మరీ బాగా సోకింది.

ఆ జీపుకి పూజ చేయించడానికి రాజమండ్రిలో బయలుదేరేటప్పుడు బావమరిది స్నేహితులు వచ్చి, బండి ముందు గ్రిల్లుకి అడ్డంగా అభిమాన హీరో ఫ్లెక్సీ కట్టారు. ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్ళి, పంటు మీద గోదావరి దాటి ముక్తేశ్వరంలో దిగి ఐనవిల్లి వెళ్ళాలని పథకం. వంతెన మీంచి పోతే వీడియో బాగా రాదట. ముందు సీట్లో అత్తగారు, వెనక నేను. వెనక కూర్చున్నవాడికి పని ఉండదు కనుక ఆ పుస్తకం కవరు చింపాను. చింపిన చప్పుడుకి బావమరిది, సీటు చిరిగిందేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అత్తగారు దణ్ణం పెట్టుకున్నారు. నిజానికి అది హాజరు తీసుకోవడం. ప్రతి దీపం 'ఉన్నానండి' అని ఒకసారి వెలిగి చూపించి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో సరిచేయాల్సింది ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ బండిలో. ఎయిర్‌బ్యాగు చెడితే బాగుచేయించడం కన్నా దాని దీపం తీసేయడం చవకని అమ్మేవాళ్ళలో కొందరికి తెలుసు.

ఈ బొమ్మలు ప్రపంచమంతా ఒక్కలా ఉండాలని ఐఎస్ఓ 2575 అనే ప్రమాణం ఒకటి ఉంది. జపాన్లో ఏ బొమ్మో జగ్గన్నతోటలో అదే బొమ్మ. అయితే ఆ ప్రమాణం రాసినవాళ్ళు మా అత్తగారిని సంప్రదించలేదు. ఎయిర్‌బ్యాగు దీపం చూసి ఆవిడ, "ఈయనెవరో పనసకాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు" అన్నారు. సీటుబెల్టు దీపం చూసి, "ఈ అబ్బాయికి ఒడుగైనట్టుంది, జంధ్యం వేసుకున్నాడు" అన్నారు. పసుప్పచ్చ ఇంజను బొమ్మ ఆవిడ దృష్టిలో చేపల చెరువు మోటారు.

జంధ్యం అబ్బాయి కుయ్యి కుయ్యిమని మొత్తుకుంటుంటే బావమరిది జేబులోంచి చిన్న ఇనప నాలుక తీసి బెల్టు గాడిలో గుచ్చాడు. మోత ఆగింది. బెల్టు పెట్టుకోకుండానే పెట్టుకున్నట్టు బండిని నమ్మించే ఆ క్లిప్పులను ఆన్‌లైన్లో అమ్మవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమ్మకం కంపెనీలను ఆదేశించింది. ఆ సంగతి చెబితే, "అందుకే బావగారూ, ముందే కొనిపెట్టుకున్నా" అన్నాడు. అత్తగారు మాత్రం క్లిప్పు పీకేసి, బెల్టు ఇద్దరికీ తగిలించారు. "అబ్బాయి ఏడుస్తున్నాడంటే ఏదో కారణం ఉంటుంది. నోట్లో గుడ్డ కుక్కుతామా?" అన్నారు. పుస్తకంలో ఇంత సూటిగా రాయలేదు.

కోటిపల్లి రేవులో పంటు అవతల ఒడ్డున ఉంది. ఎండలో, వరసలో, ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని నిలబడ్డాం. గుడ్డ టాపు కింద ఏసీ అంటే గోదావరిని చల్లబరచడమే. కాసేపటికి ఎర్రదీపం ఒకటి వెలిగింది. కింద అలలు, పైన తెడ్డులాంటిదేదో నిలబెట్టి ఉంది.

"చూశారా బావగారూ! రేవుకొచ్చామని బండికి తెలిసిపోయింది. పడవ బొమ్మేసింది" అన్నాడు బావమరిది.

"టెక్నాలజీ!" అన్నారు అత్తగారు.

అది పడవ కాదు, అలల్లో ముంచిన థర్మామీటరు. ఇంజను హద్దుమీరి వేడెక్కిందని అర్థం. నేను పుస్తకం తిరగేసి ఆ పేజీ పట్టుకునేలోపు, వెనక ఆటో ఆయన దిగొచ్చి, "ఆయ్, ముందు ఇంజనాపండి బాబూ!" అని అరిచాడు. ఆపాక బావమరిది ఉత్సాహంగా రేడియేటరు మూత తిప్పబోతే ఆయనే చెయ్యి పట్టుకున్నాడు. లోపల నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి. వేడి మీద మూత తీస్తే మొహాన చిమ్ముతాయి. పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోకూడదు. తర్వాత ఆయన బండి ముందుకెళ్ళి ఫ్లెక్సీని చాలా గౌరవంగా చూశాడు.

"హీరోగారు కాస్త పక్కకి జరిగితే ఇంజనుకి గాలాడుద్దండి."

హీరోగారు జరిగారు. రెండు పంట్లు వదిలేసి, బండి చల్లారాక మూడోదెక్కాం.

ఆ నిరీక్షణలో ఆటో ఆయన మాకు దీపాల పాఠం చెప్పాడు. పుస్తకంలో పేజీలకి పేజీలున్న విషయం ఆయన మూడు రంగుల్లో తేల్చేశాడు. ఎరుపైతే ఆపాలి, పసుపైతే అడగాలి, పచ్చ, నీలమైతే పోవచ్చు. ఎరుపులోనూ నూనెడబ్బా బొమ్మ వెలిగితే ఇంటిదాకా పోదామనుకోకూడదు. ఆయిల్ ఒత్తిడి పడిపోయిన ఇంజను నిమిషాల్లో పట్టేస్తుంది. బ్యాటరీ బొమ్మ వెలిగితే తప్పు బ్యాటరీదే కానక్కర్లేదు, దానికి చార్జింగ్ ఎక్కించే ఆల్టర్నేటరుదీ, బెల్టుదీ కావచ్చు. గుండ్రంలో ఆశ్చర్యార్థకం కనబడితే హ్యాండ్‌బ్రేకు దింపలేదేమో చూడాలి. దింపినా ఆరకపోతే బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు. పసుపు ఇంజను బొమ్మ నిలకడగా వెలిగితే వీలుచూసుకుని షెడ్డుకి తీసుకెళ్ళి స్కానరు పెట్టించాలి. టపటపా కొట్టుకుంటుంటే వేగం తగ్గించి, త్వరగా ఆపేయాలి.

ఐనవిల్లిలో పూజ ఘనంగా జరిగింది. బావమరిది కోరిక మీద మీటరు అద్దానికి కూడా బొట్టు పెట్టారు. అది సరిగ్గా థర్మామీటరు మీదే పడింది. అత్తగారు కొంగుతో తుడిచేసి, "స్వామికి కనబడకపోయినా పర్లేదు, నీకు కనబడాలి" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో స్థలపురాణమంత బలముంది. దక్షుడు యజ్ఞానికి ముందు ఇక్కడే వినాయకుణ్ణి కొలిచాడని చెబుతారు. ఆ యజ్ఞం వీరభద్రుడి చేతిలో ఎలా ముగిసిందో అందరికీ తెలుసు. పూజలో లోపం లేదు. శివుణ్ణి పిలవని రోజునే ఎర్రదీపం వెలిగింది, కూతురు వచ్చి నిలదీసినప్పుడు మోత కూడా మోగింది, మామగారు వినలేదు.

పూజయ్యాక టాపు తీసే ఘట్టం. ఇది మీట నొక్కితే మడిచే రకం కాదు. అలాంటివి 1939లోనే అమెరికాలో ప్లిమత్ కార్ల కంపెనీవాళ్ళు తెచ్చారు. ఇప్పటివాటిలో అయితే బండి నిలిపి ఉండాలి లేదా నెమ్మదిగా పోవాలి, డిక్కీలో టాపు దిగే చోట సామాను ఉండకూడదు, టాపు సరిగా బిగియకపోతే దానికీ డ్యాష్‌బోర్డు మీద ఒక దీపమో మోతో ఉంటుంది. మాది చేత్తో తీసేది. ముందద్దం పైనున్న క్లిప్పులు విప్పాలి, పక్కల జిప్పులు లాగాలి, వెనక ప్లాస్టిక్ కిటికీ నలగకుండా చూసుకోవాలి, అప్పుడు వెనక్కి మడవాలి. ఒక్కడు చేసే పని. కానీ గుడి ముందు కొబ్బరికాయలమ్మేవాళ్ళూ, పెళ్ళిచూపులకి పోతూ ఆగినవాళ్ళూ తలా ఒక చెయ్యి వేయడంతో చాలాసేపు పట్టింది. జిప్పు బిగుసుకుంటే ఒకావిడ హారతి పళ్ళెం పక్కనున్న కొవ్వొత్తి తెచ్చి రుద్దింది. జారిపోయింది. ఇది పుస్తకంలో లేదు, ఉండాల్సింది.

తీశాక పైకి చూస్తే ఆకాశం లేదు. కొబ్బరిచెట్లే. కోనసీమలో టాపు తీస్తే కనిపించేది గెలలు. "కాయకి మూడు కళ్ళుంటాయి, మనిషి మీద పడదు" అని ఒక పెద్దాయన ధైర్యం చెప్పాడు. చెప్పి, తను మాత్రం అరుగు మీదికి జరిగి కూర్చున్నాడు. దింపు కార్మికుడొకడు తలెత్తి చూసి, "కాయ సంగతేమోగానీ, ఆ మట్ట పండిపోయిందండి, ఇవాళో రేపో" అన్నాడు. మట్టకి కళ్ళుంటాయని ఎవరూ అనలేదు. బావమరిది వీడియో తీసుకోకుండానే జీపు ముందుకి జరిపాడు.

ఇంతలో వాన. 1996 నవంబరు తుఫానుకి తోటలకి తోటలే పడిపోయిన నేల ఇది, గుడ్డ టాపుకి జాలిపడదు. విప్పడానికి వచ్చిన చేతులేవీ బిగించడానికి రాలేదు. అత్తగారు గొడుగు వేసుకుని సీట్లో కూర్చుని, "సంక్రాంతిదాకా ఆగద్దు, రేపే కప్పు వేయించు" అన్నారు. ఆ తడిసిన టాపుని ఆరబెట్టకుండా అలాగే మడిచి హైదరాబాదు తీసుకెళ్తే, తడి దుప్పటి మడిచి ట్రంకుపెట్టెలో పెట్టినట్టు నల్లగా బూజు పట్టింది. దానికి డ్యాష్‌బోర్డు మీద దీపం లేదు, ముక్కే దీపం.

పాఠకులకి నా మనవి ఇంతే. గుడ్డ టాపు బండి కొనుక్కోండి, కొబ్బరి తోటలో మాత్రం తీయకండి, తడిస్తే ఆరాకే మడవండి. బండి ఏదైనా ఎర్రదీపం వెలిగితే ఆపండి. ఐనవిల్లి తప్పక వెళ్ళండి, కానీ బయలుదేరేముందు డ్యాష్‌బోర్డు అరలోని పుస్తకం కవరు చింపండి. అది తెలుగులో లేదని సాకు చెప్పకండి, బొమ్మలు అందరికీ అర్థమవుతాయి, పక్కన మా అత్తగారు లేకపోతే.