ఒక్కపూట తూర్పున కుంకండి సార్!

శ్రీ సూర్యనారాయణమూర్తి గారికి,
వెలుగుల శాఖాధిపతి, మకాం అరసవల్లి.

విషయం: విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యాస్తమయం మంజూరు చేయుట గురించి.

అయ్యా,

నేను విశాఖపట్నం కాపురస్థుణ్ని. సముద్రం ఉన్న ఊళ్లో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదని తమరికి తెలియంది కాదు. మొన్న కార్తీక పౌర్ణమికి మా బావమరిది హైదరాబాదు నుంచి పెళ్లాం పిల్లలతో దిగాడు. జేబులో ఓ చీటీ: సింహాచలం, బురుజుపేట, మూడు కొండలు, ఆఖర్న బీచ్‌లో సన్‌సెట్. ఆ ఆఖరిదాని దగ్గరే నా పరువు పోయింది.

పొద్దున్నే సింహాచలం ఎక్కాం. కప్పస్తంభాన్ని కౌగిలించుకునే వరసలో నిలబడ్డప్పుడు, అప్పన్నది పడమటి ముఖమని పిల్లలకు చెప్పాను. "అయితే స్వామికి రోజూ సన్‌సెట్టే" అన్నాడు బావమరిది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు గదా. భక్తులు తమ చేతుల్తోనే పూజ చేసుకుంటున్నారు; తమరేమో టిక్కెట్టు కొనకుండా, గోత్రం చెప్పకుండా నేరుగా అమ్మవారి నెత్తిమీదే నిలుచున్నారు. తడి పసుపు మీద తమ ఎండ పడితే, ఆ పేరులోకి కనకం ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.

తర్వాత హార్బరు దగ్గరి మూడు కొండలు. ఒకదాని మీద వేంకటేశ్వరుడు, ఒకదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా, 1864లో రాస్ దొర ఇల్లు కట్టుకున్న కొండ మీద మేరీమాత చర్చి. రేవులోకి వచ్చే ఓడకు ముగ్గురూ పక్కపక్కనే ఉండి ఎదురొస్తారు. అక్కడ ఓ పూట కూర్చోవాలి. మావాడు ఒక్క కొండా ఎక్కలేదు. కిందనుంచే మూడింటికీ కలిపి ఓ దణ్ణం పెట్టి, "సన్‌సెట్ మిస్సయిపోతాం బావా" అని అందర్నీ కారెక్కించాడు.

నాలుగున్నరకల్లా బీచ్ చేరాం. కురుసుర సబ్‌మెరైన్ పక్కన ఇసకలో స్టాండు పాతి, ఫోను బిగించి, సముద్రం వైపు గురిపెట్టాడు. (ఆ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించుకుంది. తమరికి ఆ వెసులుబాటు లేదని తెలుసు.) మా వెనకున్న మేడల నీడలు ఇసక మీదుగా నీళ్ల దాకా పాకుతున్నాయి. వాడికి అనుమానం రాలేదు, నాకు నోరు రాలేదు. చివరికి ముంతమసాలా కలిపే అతనే, ఉల్లిపాయ తరుగుతూ తలెత్తకుండా అన్నాడు: "ఇటేపు ములగడు బాబూ, ఇటేపు లెగుస్తాడు. తెల్లారగట్ల రావాల."

"గోవాలో మునిగాడే!" అని బావమరిది నా వైపు చూశాడు, నేనే అడ్డుపడ్డట్టు.

అందుకే ఈ అర్జీ. ఎవరికోసమూ సర్దుకోనని అనకండి. అరసవల్లిలో ఏటా మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి గుమ్మాలన్నీ దాటి గర్భగుడిలోకి వెళ్లి మూలవిరాట్టు పాదాలు తాకి వస్తారే! బంగాళాఖాతంలో ఒక్కపూట మునగలేరా? అదీ కుదరదంటే ఉదయాన్నయినా ఎనిమిదిన్నరకు జరపండి, టిఫిన్లయ్యాక. తొట్లకొండ మీద ఒకప్పుడు సముద్రానికి ఎదురుగా ఉన్న బౌద్ధ భిక్షువులు చీకటితో లేచేవారేమో గానీ మా చుట్టాలు లేవరు. ఆ మాటకొస్తే, జాలర్లూ నడకకొచ్చే పెద్దవాళ్లూ తప్ప ఊళ్లోవాళ్లమూ లేవం. తమరు నీళ్లలోంచి రావడం నేను చూసి రెండేళ్లయింది.

తమ విధేయుడు,
ఒక విశాఖవాసి

తా.క.: చర్య అవసరం లేదు. మావాడు విసుక్కుంటూ స్టాండు మడుస్తుండగా, ఎడమచేతి వైపు నీళ్లంచున ఎర్రగా, గుండ్రంగా ఒకటి పైకొచ్చింది. పున్నమి చంద్రుడు. దీపాలు వదులుతున్న ఆడవాళ్లు చేతులు జోడించారు. మావాడు పది ఫొటోలు తీసి 'వైజాగ్ సన్‌సెట్' అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఇప్పటికి నూట పన్నెండు మంది లైకు కొట్టారు. అందులో నేనూ ఉన్నాను.