ఇంచు పైపు: ఒక గృహస్థుని మొర

పెరట్లో నులకమంచం పట్టేంత జాగాలో నీటికుంట కట్టించుకుని, రెండు కలువ దుంపలు నాటి, దోమ పిల్లల్ని తింటాయని నాలుగు గప్పీలు వదలడం ఈ దేశంలో నేరం కాదు. ఆ నీళ్లు మోటారుతో లాగి, ఫిల్టరులోంచి తిప్పి, మళ్లీ కుంటలో పొయ్యాలంటే మాత్రం పైపు కావాలి. ఈ పౌరుని ఆత్మగౌరవానికి గండి పడింది సరిగ్గా అక్కడే.

“బోరుకా సార్, బాత్రూముకా?” అన్నాడు షాపాయన. “చేపలకి” అన్నాను. బిల్లు రాస్తున్న కుర్రాడు కలం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. షాపాయన కాసేపు ఆలోచించి ధర్మాసనం మీంచి తీర్పు చెప్పాడు: “నీళ్లే కదా సార్, ఏదైనా ఒకటే.”

ఏదైనా ఒకటే! ఈ మాట మీరూ పడే ఉంటారు. ఒకటే అయితే ఆ గోడ పొడవునా అన్ని రకాలెందుకు? పొలాలకి వేసే బూడిదరంగు పైపు, తెల్ల యూపీవీసీ, వేడినీళ్లకని మీగడరంగు సీపీవీసీ, మురుగుకి ఎస్‌డబ్ల్యూఆర్, వైర్లు దూర్చే కండ్యూట్. అన్నీ ప్లాస్టిక్కే, అన్నీ గుండ్రమే, అన్నీ నన్ను చూసి నవ్వేవే. పీవీసీ తయారీలో వేడికి చెడకుండా స్టెబిలైజరు కలుపుతారు. ఆ ఉద్యోగం చాలాకాలం సీసం చేసింది. దానికి ముకుతాడు వేస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. కనుక కొనేవాడు పైపు మీది ప్రమాణం అచ్చు చదివి తీరాలి: తాగునీటి పైపయితే ఐఎస్ 4985, మురుగుదయితే ఐఎస్ 13592. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఇరవై అడుగుల పైపును దొర్లిస్తూ నేను చదువుతుంటే, వెనక నిలబడ్డ మేస్త్రి “సార్ ఇన్‌స్పెక్టరా?” అన్నాడు భయభక్తులతో. పదవీ లేదు, భత్యమూ లేదు.

అసలు జాతీయ విపత్తు ఇంచు. ఇంచంటే ఇంచేనని చెప్పిన మా లెక్కల మాస్టారు, పాపం, పైపుల షాపు గడప తొక్కి ఉండరు. పొలం పైపులో ఇంచంటే బయటి కొలత 32 మిల్లీమీటర్లు. షెడ్యూల్ 40 ప్లంబింగ్ పైపులో అదే ఇంచు 33.4. సీపీవీసీలో 28.6. దీని ఎల్బో దానికి వదులు, దాని కప్లరు దీనికి బిగుతు, టీ దేనికీ పనికిరాదు, రెడ్యూసరు స్టాకు లేదు. ఒకే గణతంత్రంలో, ఒకే కౌంటరు మీద, ఇంచుకి మూడు సార్వభౌమ ప్రభుత్వాలు! వీటి మధ్య సంధి కుదర్చడానికి మా ప్లంబరు జేబులోంచి తీసిన ఒప్పందపత్రం, సైకిలు ట్యూబు ముక్క.

ఆ మహానుభావుడి గురించి చెప్పాలి. సొల్యూషన్ పూసి, పది నిమిషాల్లో నీళ్లు వదిలెయ్యమన్నాడు. అందులో ఉన్నవి ఘాటు సాల్వెంట్లయ్యా, ఒక రోజు ఆరనివ్వాలి, పైపు కడిగిన మొదటి నీళ్లు బయట పారబొయ్యాలి అన్నాను. “ఏం కాదు సార్.” మెత్తటి పచ్చ హోసు తగిలిస్తానన్నాడు. ఆ మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్లు మెల్లగా నీళ్లలోకి దిగుతాయన్నాను. “ఏం కాదు సార్.” ఇత్తడి వాల్వు తీశాడు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి నీళ్లలోకి దిగితే నత్తలకి విషం, చేపలకీ చేటు అన్నాను. “జనం రాగి చెంబులో నీళ్లు పెట్టుకుని మరీ తాగుతున్నారు కద్సార్!” నా గప్పీలు యోగా చెయ్యవు.

చివరికి 4985 ముద్ర ఉన్న సీసం లేని 32 మిల్లీమీటర్ల పైపు, దానికి సరిపడే ఫిట్టింగులు, ప్లాస్టిక్ బాల్ వాల్వు కొన్నాను. ఎండకి పెళుసెక్కకుండా మట్టిలో పూడ్పించాను, పైకి తేలినచోట రంగు వేయించాను. అంతా అయ్యాక తేలిందేమంటే, ఒక ఎల్బో తక్కువ. షాపుకి ఆదివారం సెలవు.

సాటి బాధితులారా, మీ అటక మీది పాత డబ్బాలో, తుప్పు మేకుల కింద, అప్పుడెప్పుడో మిగిలిపోయిన ఎల్బో ఒకటి ఉంటుంది. లేదనకండి, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 32 అయితే దయచేసి ఇటు పంపండి. 33.4 అయితే అక్కడే ఉంచండి.