సేటు ఎదగాలంటే ఇంకో అప్పు కావాలట!

కామారెడ్డి జిల్లా రామారెడ్డిలో ఓ కిరాణా దుకాణం ఉందనుకుందాం. గల్లాపెట్టె పక్కనే అంచులు నలిగిన ఉద్దెర బుక్కు. అందులో సగం పేర్లకు ఎదురుగా తేదీ ఉండదు, ‘వడ్ల పైసలు’ అని రాసుంటుంది. ఐకేపీ సెంటర్లో వడ్లు కాంటా కావాలి, డబ్బు రైతు ఖాతాలో పడాలి, అప్పుడుగానీ సేటుకు మంచినూనె బాకీ తీరదు. ఈయన ఎదుగుదలకు అడ్డేమిటని మేధావులను అడిగితే ‘పెట్టుబడి కొరత’ అంటారు. అంటే, అప్పులిచ్చి చిక్కినవాడికి ఇంకో అప్పిప్పించాలన్నమాట.

ఆ వైద్యం పనిచేస్తుందా అని నిజంగానే పరీక్షించారు, అదీ మన హైదరాబాద్‌లోనే. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తోటి పరిశోధకులతో కలిసి 104 బస్తీలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో 52 బస్తీల్లో స్పందన సంస్థ ముందుగా సూక్ష్మరుణాలు మొదలుపెట్టింది. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అప్పటికే బాగా నడుస్తున్న కొద్ది వ్యాపారాలకు లాభం పెరిగింది. మిగతావి చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. ఇళ్లలో మందు, పొగాకు, బయటి తిండి ఖర్చు మాత్రం తగ్గింది. సంతోషమే, కానీ పాన్‌డబ్బా, మిర్చిబజ్జీల బండి కూడా చిన్న వ్యాపారాలే కదా!

అదే 2015లో ఢిల్లీ ముద్ర యోజన తెచ్చింది. 50 వేల దాకా అప్పుకు ‘శిశు’ అని పేరు, ఆపైన కిశోర్, తరుణ్. 2024 బడ్జెట్లో 20 లక్షల ‘తరుణ్ ప్లస్’ కూడా ప్రకటించారు. అప్పుకు బాల్యం, యవ్వనం అన్నీ ఉన్నాయి. వ్యాపారానికి ఎన్నేళ్లు నిండాయో అడిగే నాథుడు లేడు.

రావలసిన బాకీ సంగతో? దానికీ చట్టముంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. వినడానికి ఎంత కమ్మగా ఉందో! గేట్లు, గ్రిల్స్ చేసిచ్చిన వెల్డింగ్ షాపాయన బాకీపడ్డ కాంట్రాక్టరు మీద ఆ చట్టం కిందున్న కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చేస్తే వడ్డీ వస్తుందేమోగానీ మళ్లీ ఆర్డరు రాదు. అందుకే ఆయన ఆ చట్టాన్ని గౌరవించి, దూరంగా ఉంటాడు.

మన సేటుకు ఆ భాగ్యమూ లేదు. 2021 జులైలో చిల్లర, టోకు వ్యాపారులనూ ఎంఎస్‌ఎంఈలుగా గుర్తించి ఉద్యమ్ సర్టిఫికెట్‌కు అర్హులను చేశారు. అయితే ఆ గుర్తింపు ప్రాధాన్యరంగ రుణాల వరకే. బాకీ వసూలుకు ఆయన ఎంఎస్‌ఎంఈ కాడు, కొత్త అప్పు తీసుకోవడానికి మాత్రం ఎంఎస్‌ఎంఈ.