బాలచంద్రుడి వారసుడి మొర

అయ్యా, నరసరావుపేటలో ఒక ఇల్లు, దానిమీద అప్పు, మోకాళ్ల నొప్పి తప్ప వేరే ఆస్తి లేని నన్ను, డాలస్‌లో కూర్చున్న మా బాబాయి కొడుకు పల్నాటి వీరుల వంశంలో కలిపేశాడు. వంశవృక్షమట. ఇంటర్నెట్‌లో పెట్టి, చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిటికీ తిప్పాడు.

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివరి మాట. అంటే 800 ఏళ్లు దాటింది. ఆ చెట్టులో, ఆ యుద్ధంలో పోరాడిన బాలచంద్రుడికీ నాకూ మధ్య 11 తరాలే. లెక్కేస్తే, మావాళ్లు ఒక్కొక్కరూ డెబ్బై దాటాకే పిల్లల్ని కన్నారన్నమాట. పోనీ, మగధీరులు అనుకుందాం. గుమ్మంలోకొచ్చిన మొగుడు బాలచంద్రుడికి కత్తి చేతికిచ్చి, కాపురం ఊసే లేకుండా మాంచాల కారెంపూడి యుద్ధానికి సాగనంపిందని ఈ జిల్లాలో గొడ్లు కాసే పిల్లాడిక్కూడా తెలుసు. పోయినవాడు తిరిగి రాలేదు. మరి మా మూలపురుషుడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?

మా ఇంటిపేరు కనబడ్డ ప్రతివాణ్ణీ మావాడు చెట్టెక్కించాడు. మన ఇంటిపేర్లు చాలామటుకు ఊళ్ల పేర్లే. ఆ ఊరు వదిలిన అన్ని కులాలవాళ్లూ అదే పేరు మోసుకెళ్లారు. గురజాల వైపు ఒకాయన, కులం వేరు, గోత్రం వేరు, ఫోన్ చేసి 'పెదనాన్నా' అంటున్నాడు. ఇల్లు కడుతున్నాడట, కాస్త సర్దాలట. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం పుణ్యమా అని నన్నూ మా తాతనూ మావాడు ఒక్కడిగా కలిపేశాడు. దాని ప్రకారం మా నాన్నకు నేనే నాన్నను. మేనరికాలు, దత్తతల సంగతి ఎత్తను, బీపీ ఉంది.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పల్లెల్లో చాలామందికి బళ్లో పంతులు రాసిందే పుట్టినతేదీ. మావాడు మాత్రం ముత్తాత తాతకు తేదీ, వారంతో సహా వేశాడు.

పూర్వం వంశం చెప్పే పిచ్చిగుంట్లవారు, ఇప్పుడు వంశరాజులంటున్నారు, వాకిట్లో నిలబడి గోత్రం అందుకునేవారు. ఒక్క పేరు తప్పితే నాయనమ్మ చాటలో జొన్నలు పట్టుకుని అక్కడే ఆపేది. సరిచేస్తేగాని గింజ రాలేది కాదు. కాకతీయులు సైతం కరికాల చోళుణ్ణి పూర్వీకుడిగా శాసనాల్లో చెక్కించుకున్నారు గాని, వాళ్లకు రాయీ కూలీ అయినా ఖర్చయింది. మావాడికి బొటనవేలు చాలు.

నిలదీస్తే, "ఇంకో నలభై చెట్లలోనూ ఇలాగే ఉందన్నా" అన్నాడు. ఉండదా మరి, నలభై మందీ ఎత్తింది వీడి దగ్గరే.

ఇప్పుడు కార్తీక అమావాస్యకు కారెంపూడి వీరుల ఉత్సవాల్లో "మన తాతగారి" పేర అన్నదానం చేయాలట, ఇంటికి పదివేలు. బాలచంద్రుడి కొడుకు పేరేమిటో చెప్పు, అదే రోజు పంపిస్తానన్నాను.

వెతుకుతున్నాడట.