రన్ నొక్కకండి

నేను సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ని. 1982 ఏప్రిల్‌లో లోకానికి పరిచయమయ్యాను. స్కాట్లాండ్‌లోని డండీలో, టైమెక్స్ ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. నల్లటి ఒళ్ళు, నలభై రబ్బరు మీటలు, ఓ మూల రంగుల చారలు. 48కె మెమరీతో నా ధర 175 పౌండ్లు. అంత డబ్బు పెట్టించాలంటే పిల్లలకి సాకు కావాలి కదా! చదువుకి పనికొస్తుంది, ఇంటి లెక్కలు చూసుకోవచ్చు, ఫోన్ నంబర్లు దాచుకోవచ్చు అనేవాళ్ళు. ఆటల ఊసు మాత్రం ఎత్తేవాళ్ళు కాదు.

ఇంగ్లండ్‌లో నేను చేరిన ఇంటి అబ్బాయి మాట మీద నిలబడ్డాడు. నిజంగానే ఫోన్ డైరెక్టరీ రాయడం మొదలుపెట్టాడు.

నాకు సొంత తెర లేదు. హాల్లో టీవీకి తగిలించాలి, అంటే మిగతావాళ్ళు వార్తలు వదులుకోవాలి. నా దగ్గర టైపు చేయడం కూడా ఓ వింతే. లైను మొదట్లో పి నొక్కితే ‘ప్రింట్’ అన్న మాట మొత్తం పడిపోతుంది. ఏ మాట ఏ మీట కింద ఉందో వెతుక్కోవడమే సగం పని.

ముందుగా ‘డిమ్’ అనే ఆజ్ఞతో నాలో గదులు కట్టాడు. వంద పేర్లకి తలా ఇరవై అక్షరాలు, వంద నంబర్లకి తలా పన్నెండు. మొత్తం 3,200 అక్షరాలు. నాకది ఓ లెక్క కాదు. 1981లో పుట్టిన మా అన్న జెడ్‌ఎక్స్81కి మాత్రం ఉన్నదే 1కె, పాపం వాడికి గుండె ఆగేది. ఫోన్ నంబర్లని అంకెలుగా కాక అక్షరాలుగా దాచడం అబ్బాయి తెలివి. అంకెలుగా ఇస్తే ఊరి కోడ్ ముందున్న సున్నాని నేను మింగేస్తాను. సున్నా లేని నంబరు తిప్పితే వేరేవాళ్ళెవరో పలుకుతారు.

చిక్కల్లా వెతకడంలో వచ్చింది. ‘ఆన్’ అనే పేరు అడిగితే లేదన్నాను. అబద్ధం కాదు. నా గదిలో ఉన్నది ఉత్త ‘ఆన్’ కాదు, ఇరవై నిండేదాకా ఖాళీలు తగిలించుకున్న ‘ఆన్’. ఆ రెండూ నాకు ఒకటి కావు. మాన్యువల్ తిరగేసి, అడిగిన పేరు ఎంత పొడుగో అంతవరకే పోల్చమని లైను మార్చాడు. దాంతో అడగని వరం ఒకటి దక్కింది: ‘బి’ అని కొడితే చాలు, బి పేర్లన్నీ వరసగా దిగిపోతాయి. ఆ సాయంత్రమంతా వాడు అక్షరాలు కొట్టి చూసుకుంటూనే ఉన్నాడు. ఇలాంటివి కనిపెట్టడానికే వీళ్ళు ప్రోగ్రాములు రాస్తారని నా అనుమానం, నంబర్ల కోసం కాదు.

తీగ పీకితే నాకేమీ గుర్తుండదు. అందుకే ప్రోగ్రామునీ పేర్లనీ కలిపి క్యాసెట్టు మీదకి సేవ్ చేయాలి. టేపు కీచుమంటుంది, తెర అంచున ఎరుపు, లేతనీలం చారలు, ఆపైన నీలం, పసుపు చారలు పరుగెత్తుతాయి.

లోడ్ చేశాక రన్ మాత్రం నొక్కకూడదు. రన్ అంటే నేను దాచినవన్నీ తుడిచేసి మొదలుపెడతాను. నా మాన్యువల్ రాసిన స్టీవెన్ వికర్స్ ఈ సంగతి దాచలేదు. ‘గో టు’ అని, అదీ డిమ్ లైను దాటాక ఉన్న లైను నంబరిచ్చి పిలవాలి. డిమ్ మళ్ళీ తగిలిందా, గదులన్నీ కొత్తవైపోతాయి. వాళ్ళ నాన్నకి ఇదంతా ఎక్కడ తెలుసు? ప్రోగ్రాము అంటే రన్ చేసేదే కదా అని నొక్కాడు. తెర మీద ప్రశ్న వచ్చింది, పేర్లు పోయాయి. టేపు మీద కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. క్యాసెట్టు పెట్టె మీద అబ్బాయి ఎర్ర పెన్నుతో రాశాడు: ‘రన్ నొక్కకండి’.

ఓ రోజు వంటింట్లో కుళాయి కారుతోంది. ప్లంబర్ నంబరు చెప్పమంది వాళ్ళమ్మ. అబ్బాయి టీవీ ఛానల్ మార్చి, టేపు వెనక్కి తిప్పి, లోడ్ కొట్టాడు. చారలు మొదలయ్యేసరికే ఆవిడ ఫోన్ పక్కనున్న చిన్న పుస్తకం తీసి, నంబరు తిప్పి మాట్లాడేస్తోంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పైగా ప్లంబర్ నంబరు మారిందట. ఆవిడ పెన్సిల్‌తో పాతది కొట్టేసి కొత్తది రాసుకుంది. మావాడు మాత్రం లోడ్ అయ్యేదాకా ఆగి, నంబరు మార్చి, మళ్ళీ సేవ్ చేయడానికి టేపు తిప్పుతున్నాడు.