ముక్కోటి పిక్సెళ్లు, పన్నెండడుగుల హాలు

మా తోడల్లుడు దసరాకి 55 అంగుళాల ఫోర్‌కే టీవీ కొన్నాడు. పద్దెనిమిది నెలల వాయిదాలు. చూడ్డానికి రమ్మని కబురు. తోడల్లుడి ఇంట్లో కొత్త వస్తువు దిగిందని పిలుపొస్తే సమన్లు అందినట్టే. హాజరు కాకపోతే ఓర్వలేనితనం కింద కేసు నమోదవుతుంది. వెళ్లాం.

సోఫాలో కూర్చోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది అన్నయ్యగారూ, ఇలా రండి" అంటూ టీవీకి మూరెడు దూరంలో నిలబెట్టాడు. తెర మీద ఒక చిలక. తర్వాత తేనె ధార. తర్వాత ఆకు మీద మంచుబొట్టు. మళ్లీ చిలక. కొత్త టీవీల్లో మనుషులెందుకుండరో నాకిప్పటికీ అర్థం కాదు. "ఈకలు చూడండి, ఈకలు!" అన్నాడు. చూశాను. ఒక్కో ఈక లెక్కపెట్టొచ్చు. "ఇంక కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. చిలక పచ్చగా ఉంది. ఈకల్లేవు.

అక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది! టీవీ ప్రకటనల్లో ఎంత వెతికినా దొరకని నిజం మా తోడల్లుడు నోరుజారి ఉచితంగా చెప్పేశాడు. మా మరదలి కుట్టుమిషను సొరుగులో టేపు దొరికింది. మూడు విడతలుగా కొలిచాను. సోఫా నుంచి తెరకు పన్నెండడుగులు.

ఫోర్‌కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. గుణిస్తే 82,94,400. ఎనభై నాలుగు లక్షల జీవరాశులకు లక్ష చిల్లర తక్కువ. ఎయిట్‌కే అయితే 7680, 4320. అంటే 3 కోట్ల 31 లక్షల పైచిలుకు. ముక్కోటి దేవతలూ దిగొచ్చి తలా ఒక పిక్సెల్ మీద కూర్చున్నా ఇంకా 31 లక్షల పీటలు ఖాళీగా ఉంటాయి. నిన్నమొన్నటి దాకా మహారాజులా వెలిగిన ఫుల్ హెచ్‌డీకి పాపం 20 లక్షల 73 వేలే. ఏట్లో వేసినా ఎంచి వెయ్యమన్నారు పెద్దలు. ఎంచడం కంపెనీలు చూసుకున్నాయి. వెయ్యడం మన వంతు.

దూరపు కొండలు నునుపు అన్న సామెతలోనే ఈ శాస్త్రమంతా ఉంది. కొండ మీది బండలు ఎక్కడికీ పోవు, మన కంటి దగ్గర అవి చేసే కోణం చిక్కిపోతుంది. 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి కంటి వైద్యుడు ఈ సంగతినే అక్షరాలుగా పేర్చి గోడకు తగిలించాడు. కళ్ల డాక్టరు దగ్గర పై వరస నుంచి కిందికి చదువుతూ, చివరి వరస దగ్గర అందరం అబద్ధాలాడే పట్టిక అదే. ఆ లెక్కలో 6/6 కన్ను విడదీసి చూడగలిగేది ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. అంతకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు దానికి ఒక్కటే.

55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క వెడల్పు 0.63 మిల్లీమీటర్లు. ఏడడుగులు దాటి వెనక్కి జరిగితే ఆ కంటికి అది విడిగా అందదు. ఫోర్‌కే చుక్క అందులో సగం. దాని దర్శనం కావాలంటే మూడున్నర అడుగుల లోపలికి రావాలి. మా తోడల్లుడి సోఫా నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీలోనే డిగ్రీకి నూరు చుక్కలు పడతాయి.

ఇక్కడ కంపెనీల తరఫు వకీలు లేచి నిలబడొచ్చు. డిగ్రీకి 60 అన్న లెక్క పాతదనీ, నలుపు తెలుపు వివరాల్లో మనిషి కన్ను సగటున 94 దాకా పట్టగలదనీ 2025లో కేంబ్రిడ్జి పరిశోధకులు కొలిచి చూపారు. ఇంతకన్నా మంచి సాక్షి ఆయనకు దొరకడు. సరే, 94 వేసుకుందాం. నూరు చుక్కల ఫుల్ హెచ్‌డీ ఈ గీతను కూడా ముందే దాటేసింది. మిగతా 62 లక్షల చుక్కలు రోజూ సాయంత్రం ఆ హాల్లో వెలుగుతున్నాయి. వాటిని చూసినవాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

షోరూములో కుర్రాడు చాలా అడుగుతాడు. బడ్జెట్ ఎంత సార్, ఈఎంఐనా, పాత టీవీ ఎక్స్‌చేంజ్ ఉందా, గోడకా స్టాండుకా, వారంటీ పొడిగించమంటారా? ఇంట్లో సోఫా ఎంత దూరంలో ఉంటుందని మాత్రం అడగడు. రెండు వరసల టీవీల మధ్య సందు నాలుగడుగులు. తేడా కనపడే చోటే మనల్ని నిలబెట్టి, వెలుతురు చివరంటా పెంచి, చిలకను వదులుతారు. కుర్రాడిని అని లాభం లేదు, అతనికి అప్పగించిన పని చిలకను చూపించడం. అమ్మకం విద్యలో స్టీవ్ జాబ్స్‌ను మించినవాడున్నాడా? ఆయన కూడా 2010లో ఐఫోన్ 4 తెరను పొగుడుతూ, కంటికి పది పన్నెండంగుళాల దూరంలో పట్టుకుంటే అంగుళానికి 300 చుక్కలు చాలని దూరంతో సహా చెప్పాడు. మన టీవీ ప్రకటనల్లో వడ్డీ శాతం ఉంటుంది, దూరం ఉండదు.

దూరం తెలియక కాదు. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఇంజనీర్లు హెచ్‌డీని తీర్చిదిద్దేటప్పుడే తెర ఎత్తుకు మూడు రెట్ల దూరంలో కూర్చోమన్నారు. అదే లెక్క ఎయిట్‌కే దగ్గరికి వచ్చేసరికి ముప్పావు రెట్లకు దిగింది. 2018 డిసెంబరు 1న వాళ్లు ఎయిట్‌కే ఛానలే మొదలుపెట్టారు. 65 అంగుళాల తెర ఎత్తు 32 అంగుళాలు. అందులో ముప్పావు, రెండడుగులు. పీటకూ విస్తరికీ మధ్య ఉండేంత ఎడం. నలుగురున్న సంసారం ఎయిట్‌కే చూడాలంటే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాలి. టీవీకి అతుక్కుని చూస్తే కళ్లు పోతాయని వీపు మీద రెండు తిన్న తరం మాది. అప్పుడు దెబ్బలు ఉచితం. ఇప్పుడు అదే భంగిమకు లక్షల్లో ధర.

సినిమా హాలు సంగతి చెబితే మా తోడల్లుడు నమ్మలేదు. చాలా హాళ్లలో ఇప్పటికీ ఉన్నవి టూకే ప్రొజెక్టర్లు. అడ్డంగా 2048 చుక్కలు, ఫుల్ హెచ్‌డీ కన్నా 128 ఎక్కువ. యాభై అడుగుల తెర మీద పరిస్తే ఒక్కో చుక్కా ఇంచుమించు శనగగింజంత. మొదటి రోజు మొదటి ఆట చూసి, కాగితాలు చించి ఎగరేసి, గొంతు పోగొట్టుకుని వచ్చినవాడెవడైనా "శనగలు కనపడ్డాయిరా" అన్నాడా?

ఈలోగా తోడల్లుడి అమ్మగారు సీరియల్ టైమైందన్నారు. చిలక ఎగిరిపోయి కేబుల్ వచ్చింది. మామూలు కేబుల్ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. మొత్తం 4,14,720 చుక్కలు. ఫోర్‌కే తెర దీనికి నిక్కచ్చిగా ఇరవై రెట్లు, కావాలంటే గుణించి చూసుకోండి. సీరియల్ వాళ్లు పంపిన ఒక్కో చుక్క పక్కన టీవీ పందొమ్మిది దొంగ ఓట్లు వేసుకుంటుందన్నమాట. పైగా పాత కొలత బొమ్మను అడ్డంగా సాగదీసి పెట్టారు. అత్తా కోడలూ పగ మానకుండానే సమానంగా లావెక్కారు. నెట్‌ఫ్లిక్స్‌లో అసలు ఫోర్‌కే ఉంది కానీ దానికి ఖరీదైన ప్లాను, సెకనుకు 15 మెగాబిట్ల వేగం కావాలి. ఆ ఇంట్లో రూటరు పడగ్గదిలో బీరువా వెనక ఉంది.

ఫోర్‌కే మీద నాకు పగ లేదు. 55 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ కావాలని షోరూములో అడిగితే మ్యూజియంకు దారి చూపిస్తారు, కాబట్టి ఎలాగూ కొనక తప్పదు. నలుపు నల్లగా ఉండటం, వెలుతురు చీకట్ల తేడా, హెచ్‌డీఆర్ లాంటివి ఎంత దూరం నుంచైనా కనపడతాయి, వాటికి డబ్బు పెట్టండి. 32 అంగుళాల బుల్లి తెరకు ఫోర్‌కే కోసం, పన్నెండడుగుల హాలుకు ఎయిట్‌కే కోసం అదనంగా పెట్టేవాళ్లతోనే నా తగాదా.

తోడల్లుడు పట్టుదల మనిషి. లెక్క విన్నాక సోఫాను ఈడ్చుకొచ్చి టీవీకి మూడున్నర అడుగుల దగ్గర వేశాడు. వంటింట్లోంచి కాఫీ తెస్తున్న మా మరదలికి దారి లేదు. సోఫా కాఫీ చల్లారేలోపే మళ్లీ గోడకు చేరింది.

వాళ్ల అమ్మగారు దివాన్ మీద అటు తిరిగి పడుకునే సీరియల్ వింటున్నారు. చూడరేమండీ అంటే, రెండు కళ్లలోనూ శుక్లాలు, అంతా పొగమంచులా ఉంటుంది నాయనా అన్నారు. టీవీ ఖర్చు మీద పడింది కదా, ఆపరేషన్ సంక్రాంతి వెళ్లాక అనుకుంటున్నారట. అప్పటికి టీవీ వాయిదాలు ఇంకా పదిహేను ఉంటాయి.