లెక్కలెందుకు, టెస్టర్ ఉండగా

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన తమ్ముళ్లకు ముందుగా అభినందనలు. పదో తరగతి లెక్కల పరీక్ష గట్టెక్కి, ఆ పీడ విరగడైందనుకుని ఇటొచ్చి ఉంటారు. మొదటి వారంలోనే టైంటేబుల్లో ‘వర్క్‌షాప్ కాలిక్యులేషన్ అండ్ సైన్స్’ అన్న మాట కనబడి గుండె జారి ఉంటుంది. నాకూ అలాగే జారింది. అది ఎక్కడ పడిందో నేను వెతకలేదు. అవసరం రాలేదు. ఇరవయ్యేళ్లుగా మా మండలంలో నేను వేయని వైరు లేదు. కొన్ని ఇళ్లకైతే రెండుసార్లు వేశాను, మొదటిసారి వేసింది కాలిపోతే. ఆ అనుభవం మీద చెబుతున్నాను, రాసుకోండి. రాసుకోకపోయినా పర్లేదు, రాయడం గురించి తర్వాత చెబుతాను.

ముందు ఓమ్ సూత్రం. మాస్టారు బోర్డు మీద త్రికోణం గీసి పైన వి, కింద ఐ, ఆర్ రాస్తారు. కావలసినదాన్ని వేలితో మూసుకుంటే మిగిలిందే సమాధానం అంటారు. మీరు త్రికోణం గుర్తుపెట్టుకోండి చాలు, ఏ అక్షరం ఏ మూలనో గుర్తుంచుకోవడం చాదస్తం. క్యాలిక్యులేటరు కూడా కొనకండి, దేవుడిచ్చిన వేళ్లున్నాయి. నేను ఇప్పటికీ వేళ్ల మీదే లెక్కపెడతాను. ఎనిమిది దాకా తడుముకోకుండా వస్తుంది. ఇంటి వైరింగులో ఎనిమిది దాటిన అంకెతో ఏం పని?

పనుందని వాదించేవాళ్లూ ఉంటారు. 2000 వాట్ల గీజరును 230 ఓల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు వస్తుందట, కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్టు చాలదు, 16ది పెట్టాలట. చూశారా, ఒక్క భాగహారం చేసిన పాపానికి ఇంటాయనకు ఎంత ఖర్చో! అసలు భాగించకపోతే ఆ ఖర్చే లేదు. ప్లగ్గు మార్చి ఉన్న సాకెట్టులోనే దూర్చండి. కొన్నాళ్లకు అది గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది. ఇంటావిడ అడిగితే ‘ఈమధ్య కంపెనీ సరుకు బాగుండట్లేదమ్మా’ అనండి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందంటే అది అలిగిందని అర్థం. 10ది పీకి 32ది పెడితే అలక తీరుతుంది. గోడలో ఉన్న ఒకటిన్నర స్క్వేర్ వైరు సంగతేమిటంటారా? అది గోడలో ఉంది కదా, ఎవరికి కనబడుతుంది?

పుస్తకంలో ఇంకో విడ్డూరం ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి రెట్టింపు కాదట, నాలుగింతలట. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలట. జూల్ అనే ఇంగ్లీషాయన 1841లోనే ఇది అచ్చువేయించాడట. ధర్మంగా ఆలోచించండి, రెండింతల పనికి నాలుగింతల కూలి ఎవరైనా ఇస్తారా? వైర్ల గేజి లెక్క మరీ తిరకాసు. మా పాత మేస్త్రీలు త్రీ ట్వంటీ, త్రీ ట్వంటీటూ అనేవాళ్లు. మూడు పోగులు, గేజి 20 అనో 22 అనో దానర్థం. 22 గేజి తీగ 20 గేజి కంటే సన్నమట! అంకె పెద్దదైతే తీగ కూడా పెద్దదేనని నేను మొదట్నుంచీ నమ్ముతూ వచ్చాను. ఒకసారి నమ్మాక మార్చుకోవడం మగతనం కాదు.

ఇక వైరు పొడవు. దీన్ని అస్సలు పట్టించుకోకండి. ఈ విషయంలో నాకు స్వానుభవం ఉంది.

ఒక రైతుకు 5 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు బిగించాను. స్టార్టరు డబ్బా ట్రాన్స్‌ఫార్మరు పక్కన షెడ్డులో ఉంది, బోరు అక్కడికి 300 మీటర్లు. షాపులో రెండున్నర స్క్వేర్ రాగి కేబులు చవగ్గా వస్తోంది. కౌంటరు దగ్గర ఒక కుర్రాడు, ఐటీఐ రెండో ఏడాది, అడక్కుండానే కాగితం తీశాడు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, అయిదుకి 3730. మూడు ఫేజులు, 415 ఓల్టులు, పవర్ ఫ్యాక్టరు, మోటారు ఎఫిషియెన్సీ అన్నీ కలిపి చూసి ఏడున్నర ఆంపియర్లు లాగుతుందన్నాడు. త్రీఫేజు మోటారుకి హార్స్‌పవరుకి ఒకటిన్నర అని నోటిలెక్క ఉండనే ఉంది, దీనికింత కాగితమా అని నవ్వాను. వాడు ఆగలేదు. ఒక స్క్వేర్ రాగి తీగ మీటరుకి 0.0172 ఓములు. దాన్ని 300తో హెచ్చవేసి 2.5తో భాగిస్తే ఒక్కో కోరుకి రెండు ఓముల పైచిలుకు. దాన్ని ఏడున్నరతో, మళ్లీ 1.732తో హెచ్చవేసి, 27 ఓల్టులు దారిలోనే పోతాయన్నాడు.

“415లో 27 పోతే ఏమైందిరా? పెళ్లికెళ్తే దారిఖర్చు ఉండదా?” అన్నాను.

“అది నడిచేటప్పుడన్నా. స్టార్టింగులో ఆరింతల దాకా లాగుతుంది, దారిఖర్చు కూడా దాంతోపాటే పెరుగుతుంది. ఓల్టేజి నూటికి 80కి పడితే మోటారు తిప్పే బలం 64కి పడుతుంది. 10 స్క్వేర్ వెయ్యి, నడిచేటప్పుడు పోయేది ఏడు ఓల్టులే,” అన్నాడు.

రెండున్నరే వేశాను. ఆకుపచ్చ బటన్ నొక్కితే మోటారు మూలిగింది. రెండోసారి నొక్కితే ఇంకా గట్టిగా మూలిగింది. మూడోసారికి ఎలాగో తిరిగింది, నీళ్లు పడ్డాయి, రైతు కొబ్బరికాయ కొట్టాడు. ఓవర్‌లోడ్ రిలే పడిపోతూ సతాయిస్తుంటే దాని స్క్రూను చివరికంటా తిప్పేశాను. మూడో నెలలో వైండింగు కాలింది. పైపులు లాగిన కూలి, రీవైండింగు, మళ్లీ దించిన కూలి, మధ్యలో ఎండిన మిరపతోట, అన్నీ రైతు ఖాతాలోనే. లో ఓల్టేజి ఇచ్చారని కరెంటోళ్లను ఇద్దరం కలిసి తిట్టాం, నేను కాస్త ఎక్కువగానే తిట్టాను. ఆడలేక మద్దెల ఓడంటారు కదా, మన వృత్తిలో ఆ మద్దెల పేరే లో ఓల్టేజి. దాన్ని ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోండి. మోటారు రెండోసారీ కాలింది. ఇప్పుడు మా చుట్టుపక్కల రైతులు బోరు పని పడితే ఆ షాపు కుర్రాడికి ఫోన్ చేస్తున్నారు. కొందరికి అలా కలిసొస్తుంది.

భిన్నాల గురించి ఒక్క ముక్క. ఒక గోడౌనులో రెండు ఎర్తు గుంతలు తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపులు పాతాం. విడివిడిగా కొలిస్తే ఒక్కోటి 4 ఓములు. ఎర్తింగుకు ఓములు ఎంత తక్కువుంటే అంత మంచిదని నాకూ తెలుసు. 4కి 4 కలిపితే 8, అంటే రెండో గుంత వల్ల పని చెడిందని తేల్చి దాన్ని పూడ్పించేశాను. పక్కపక్కన కలిపినవి కూడవట, విలోమాలు కూడాలట, దూరంగా ఉన్న ఆ రెంటినీ కలిపితే 2 ఓములు వచ్చేదట. తర్వాత వచ్చిన సూపర్‌వైజరు చెప్పాడు. తవ్విన కూలి, పూడ్చిన కూలి రెండూ బిల్లులో వేసుకున్నాను కాబట్టి నాకైతే నష్టం లేదు.

శాతాలు మాత్రం నాకు బాగా వచ్చు. 40,000 ఎస్టిమేటులో ఇంటాయన 10 శాతం తగ్గించమంటే తగ్గిస్తాను. ఆఖర్న ‘రేట్లు పెరిగాయండీ’ అని అదే 10 శాతం పెంచేస్తాను, మొదటికి మొదలు. ఎప్పుడు చూసినా చేతికి 39,600లే వస్తున్నాయి. ఆ 400 ఎవరు తింటున్నారో పట్టుకోవాలి. హెల్పరు మీద అనుమానం ఉంది.

ఇక రిపోర్టు. ఇది లెక్క కంటే పెద్ద గండం. తప్పు లెక్క గోడలో దాక్కుంటుంది, తప్పు రిపోర్టు ఫైల్లో కూర్చుంటుంది. అందుకని రిపోర్టులో ఏమీ లేకుండా చూసుకోవాలి.

ఇంగ్లీషులో రాయండి. మీకు రాకపోయినా, చదివేవాళ్లకు రాకపోయినా. ‘ది ప్రాబ్లం వాజ్ రెక్టిఫైడ్ అండ్ ఫౌండ్ ఓకే.’ సీలింగ్ ఫ్యానుకైనా ట్రాన్స్‌ఫార్మరుకైనా ఇదొక్కటే వాక్యం. తెలుగులోనే కావాలని పట్టుబడితే ‘లోపము సరిచేయబడినది’ అనండి. ఏ లోపం, ఏ బోర్డులో, ఎవరు సరిచేశారు, దేంతో కొలిచారు అని ఆ వాక్యాన్ని పట్టుకుని ఎంత దులిపినా ఒక్క విషయం రాలదు. ‘వంటింటి సాకెట్టులో న్యూట్రల్ స్క్రూ వదులై వైరు మాడింది. మాడినంత మేర కోసి బిగించాను. లోడు మీద టాంగ్ టెస్టరులో 9 ఆంపియర్లు. అరగంట ఆగి చూస్తే వేడి లేదు’ అని రాసే అమాయకులు ఉన్నారు. మరుసటేడు ఆ ఇంటికి ఇంకెవడైనా వెళ్తే అది చదివి పది నిమిషాల్లో పని ముగిస్తాడు. అప్పుడు మన రోజుకూలి ఏం కావాలి?

రీడింగులు అందంగా ఉండాలి. మూడు ఫేజులూ కొలిస్తే 228, 236, 219 అని వంకరటింకరగా వస్తాయి. 230, 230, 230 అని వేస్తే కాగితం ముగ్గు వేసినట్టుంటుంది. మీటరు తీయకుండా వేస్తే చెయ్యి కూడా వణకదు. ఇన్సులేషన్ కొలవడానికి మెగ్గరు 500 ఓల్టుల డీసీ పంపుతుంది, కనీసం 1 మెగా ఓము చూపించాలంటారు తనిఖీకి వచ్చేవాళ్లు. ఆ అంకె పక్కన ఇంగ్లీషు ఎమ్ పెద్దది రాయాలా చిన్నది రాయాలా అని తల బద్దలు కొట్టుకోకండి. పెద్ద ఎమ్ అయితే మెగా, చిన్నది అయితే మిల్లీ, రెంటికీ తేడా వంద కోట్ల రెట్లు. ఒక్క అక్షరంతో వంద కోట్ల రెట్లు తేడా తేవడం ఎంత పెద్ద కాంట్రాక్టరు వల్లా కాదు, మీకు ఊరికే వస్తోంది, వదులుకోకండి. షాకు తగిలినప్పుడు లైను తెంచే ఆర్‌సీసీబీ మీద 30 మిల్లీ ఆంపియర్లని ఉంటుంది. నేను మిల్లీ తీసేసి 30 ఆంపియర్లని రాస్తాను, ఇంటాయనకు గౌరవంగా ఉంటుంది.

తారీకు, టైము ఆఖర్న వేసుకోవచ్చు. నేనైతే ఆదివారం కూర్చుని వారానికి సరిపడా రిపోర్టులు ముందే రాసి పెట్టుకుంటాను, వారమంతా ఆ ప్రకారం జరగకపోతే అది వారం తప్పు.

రిపోర్టు అనగానే ఎల్‌సీ పుస్తకం గుర్తొచ్చింది. మీలో కొందరు స్తంభం ఎక్కే పరీక్ష పాసై జూనియర్ లైన్‌మన్లు అవుతారు కాబట్టి ఇదీ చెప్పాలి. లైను మీద పని చేసేముందు సబ్‌స్టేషను నుంచి ఎల్‌సీ, అంటే లైన్‌క్లియర్, తీసుకోవాలి. ఏ ఫీడరు, ఎక్కడ పని, ఎవరు తీసుకున్నారు, ఎన్నింటికి, అన్నీ పుస్తకంలోకి ఎక్కాలి. తీసుకున్నవాడే తిరిగివ్వాలి. ఒకే ఫీడరు మీద రెండు గుంపులు పనిచేస్తుంటే రెండు ఎల్‌సీలు ఉండాలి, రెండూ తిరిగొచ్చేదాకా లైను వేయకూడదు. ఎంత కాగితం, ఎంత కాలహరణం! ఫోనుంది కదా. ‘అన్నా తీసేయ్’ అంటే తీస్తాడు, ‘అన్నా వేసేయ్’ అంటే వేస్తాడు.

నేను పనిలోకి వచ్చిన మూడో ఏడు, ఒక కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా స్తంభం మీద ఉన్నాను. వాన వెలిసిన మధ్యాహ్నం. అయిదు నిమిషాల పనికి ఎందుకని లైనును ఎర్తు చేసే రాడ్లు వ్యానులోంచి దించలేదు. అదే ఫీడరు మీద, రెండు ఫర్లాంగుల అవతల, ఇంకో గుంపు జంపరు కడుతోంది. వాళ్లున్న సంగతి మాకు తెలీదు, మేమున్న సంగతి వాళ్లకు తెలీదు. వాళ్ల పని ముందు అయింది, ఫోన్ చేశారు. పుస్తకంలో పేరు లేకుండా, టైము లేకుండా ఒకే ఒక్క గీత ఉంది. ఎల్‌సీ ఇచ్చింది ఒకటి, తిరిగొచ్చింది ఒకటి. లెక్క సరిపోయింది, లైను వేశారు.

అప్పటిదాకా నేనూ వేళ్ల మీద పది లెక్కపెట్టేవాణ్ణి.